మసి తిన్న తెల్లరెక్కలు

బల్ల మీద పెట్టిన అట్టపెట్టెలో ఏదో టపటపలాడింది.

ప్రకృతి శాస్త్ర సంఘం కార్యదర్శి ఆంబ్రోజ్ పిల్లింగ్ కుర్చీని వెనక్కి జరుపుకున్నాడు.

"ఏమిటిది? ప్రాణమున్నవి తెచ్చావా?"

"ప్రాణంతోనే ఉండాలి బాబూ. నా పేరు కెజయా ఎంట్విసిల్. షటిల్ వీధి మాది, మిల్లులో మగ్గం నడుపుతాను."

ఇంటిపేరు వినగానే అతడు లేచి నిలబడ్డాడు.

రూబెన్ ఎంట్విసిల్ అన్న సంతకంతో పదకొండేళ్లుగా సంఘానికి ఏటా ఒక ఉత్తరం వస్తోంది.

నూలు మిల్లులు వచ్చి పొగతో చెట్లు మసిబారాక, ఆ ఊళ్లో సీతాకోకచిలుకల్లాంటి తెల్లరెక్కల పురుగులు తగ్గిపోయి, నల్లరెక్కలవి పెరిగాయి. మసి పట్టిన ఆకులు తినబట్టే అవి నల్లబడ్డాయని డాక్టర్ క్రాస్‌లండ్ వాదన. తెలుపూ నలుపూ రెండూ మొదటినుంచీ పుడుతూనే ఉన్నాయనీ, మసిబారిన చెట్లమీద తెల్లవి పిట్టల కంటపడి బలైపోగా నల్లవి మిగిలి పిల్లల్ని కన్నాయనీ పిల్లింగ్ వాదన.

ఆ తగాదా తేల్చడానికే ఎంట్విసిల్ తెల్ల జంటలను ఏరి, వాటి సంతానానికి తరతరానా మసి ఆకులే మేపినట్టు ఆ ఉత్తరాలు చెప్పాయి. ఒక్కటీ నల్లగా పుట్టలేదు.

రాబోయే గురువారం సభలో పిల్లింగ్ చదవబోయేది ఆ ఉత్తరాలనే. అతడి ఇరవయ్యేళ్ల వాదన వాటి మీదే నిలబడి ఉంది.

"అయ్యో, ముందే చెప్పొద్దూ! కూర్చోండమ్మా. రూబెన్ గారు రాలేదా?"

"ఆయన రారు బాబూ. పోయారు."

"ఎంత నష్టం! అంత ఓర్పున్న మనిషి ఈ జిల్లా మొత్తంలో లేరు."

ఆమె చేతిరుమాలు నోటికి అడ్డంపెట్టుకుని చాలాసేపు దగ్గింది.

"ఇవి పదకొండో తరం. నిన్న సాయంత్రమే గూళ్లలోంచి బయటికొచ్చాయి. రెండు రాత్రులు జతగా వదిలితే గుడ్లు పెడతాయి. నాకిక ఓపిక లేదు. పెంచేవాళ్ల చేతిలో పెట్టిపోదామని..."

"పెంచడమేమిటమ్మా! రెక్క నలగకముందే చంపి సూదికి గుచ్చాలి. ఒక్క రాత్రి ఎగిరాయంటే రెక్కల పొడి రాలిపోయి, సభలో చూపించే అద్దాలపెట్టెకు పనికిరావు."

"అద్దాలపెట్టె కోసం కాదు బాబూ. ఇది తెగకూడని వంశం."

"మగ్గం సంగతి మీకు నేను చెబుతానా? ఇది మాకు వదిలేయండి."

"ఒక్కమాట విను బాబూ, ఈ తెల్లవాటిని నేను..."

"ఆడవాళ్లు చూసి చెప్పినవి మా సభలో చదవరమ్మా. ఆ నియమం నేను పెట్టింది కాదు. మీ ఆయన రాసినవి చాలు."

ఈ మాట అతడు ఎంతో దయగానే అన్నాడు.

పెట్టెలోని పద్నాలుగు పురుగుల్నీ ఒక్కొక్కటిగా విషపు సీసాలో వేశాడు. చివరిది కదలడం మానేదాకా ఆమె చూస్తూ నిలబడింది. అతడు వాటి కింద అంటించే చీటీ రాసి ఆమె ముందు పెట్టాడు.

"మీ ఆయన పేరే వేశాను, చూశారా!"

"దస్తూరీ బాగుంది బాబూ," అని ఖాళీ పెట్టె తీసుకుని ఆమె వెళ్లిపోయింది.

గురువారం పిల్లింగ్ ఉత్తరాలు చదివాక సభ చప్పట్లు కొట్టింది. తర్వాత డాక్టర్ క్రాస్‌లండ్ లేచాడు.

"కథ బాగుంది పిల్లింగ్ గారూ. ఆ వంశాన్ని నా చేతికివ్వండి. మసి నేనే మేపుతాను. వచ్చే ఏడూ తెల్లగానే పుడితే, ఇదే సభలో నా ఓటమి ఒప్పుకుంటా."

"అవి... సూదుల మీద ఉన్నాయి."

"ఓహో! చచ్చినవాటికి మసి మేపమంటారా?"

సభ పగలబడి నవ్వింది. ఉత్తరాలను రుజువుగా తీసుకోలేమని తీర్మానించింది.

మర్నాడు పొద్దున్నే పిల్లింగ్ షటిల్ వీధికి పరిగెత్తాడు. ఒక్క జంటో, నాలుగు గుడ్లో మిగిలి ఉండకపోతాయా అన్నది అతడి ఆశ.

తలుపుకు తాళం ఉంది. పక్కింటి హన్నా గడప రుద్దుతోంది.

"కెజయానా? మంగళవారం పాతిపెట్టొచ్చాం. మిల్లు దూది ఊపిరితిత్తుల నిండా పట్టేసింది పాపం."

"మా సంఘానికి ఇచ్చినవి కాక పురుగులుగానీ గుడ్లుగానీ దాచిందా?"

"అన్నీ మీకే ఇచ్చేసిందిగా! నాలుగైనా ఉంచుకోవే పిచ్చిదానా అంటే, చదువుకున్నవాళ్లు, నాకంటే బాగా చూసుకుంటారులే అంది."

అతడు జేబులోంచి పుస్తకం, పెన్సిలు తీశాడు.

"పోనీ, రూబెన్ గారు ఎలా పెంచేవారో తెలిసినవాళ్లున్నారా? మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను."

హన్నా చేతిలోని గుడ్డ ఆగింది.

"రూబెనా? బాయిలర్ పేలి ఆయన పోయి పదమూడేళ్లయింది బాబూ. మగ్గం దిగొచ్చి ఆ పురుగుల్ని సాకిందీ, ఆడపేరు చూస్తే మీరు చదవరని ఆయన పేరు పెట్టి మీకు రాసిందీ కెజయానే."