గోడ పక్కన ముసలాయన

ఈల మోగగానే మొయినుద్దీన్ రెండు చెవులూ మూసుకుని గేటు వైపు పరిగెత్తినాడు.

వాని వెనక ఇద్దరు, వాళ్ల వెనక నలుగురు. వరసంతా చెదిరిపోయింది.

డ్రిల్లు సారు కాశప్ప నెత్తి పట్టుకున్నాడు. పొద్దున నుదుట విభూతి పెట్టుకుంటూ, 'ఈ రోజన్నా నాకు కోపం రానీయొద్దు స్వామీ' అని మొక్కుకుని వచ్చినాడు. ఆ మొక్కు మొదటి పీరియడ్ దాటలేదు.

అది ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు. జనవరి ఇరవయ్యారున ఆదోనిలో చుట్టుపట్ల బడులన్నిటికీ డ్రిల్లు పోటీ. ఈ ఎమ్మిగనూరు బడి ఏనాడూ షీల్డు మొహం చూసింది లేదు. మొయినుద్దీన్ దారికొస్తే సరే, లేకుంటే టీసీ ఇచ్చి పంపేస్తానని హెడ్మాస్టరు ముందే చెప్పినాడు.

వానికి పదేళ్లు. మాట తక్కువ. పిలిస్తే చూడడు. కొందరు గాలి సోకిందన్నారు, కొందరు వట్టి మొండి అన్నారు. అదేమిటో పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

కాశప్ప వాణ్ని తెచ్చి గోడ నీడన కూర్చోబెట్టినాడు.

అసలు తలనొప్పి అక్కడ మొదలయ్యేది.

రోజూ వాణ్ని చేయి పట్టుకుని తెచ్చే ముసలాయన, దింపి ఊరికే పోడు. లుంగీ, నెత్తిన టోపీ, చేతిలో కర్ర. డ్రిల్లు అయ్యేదాకా గోడ పక్కనే నిలబడతాడు. కాశప్ప ఊపిరి తీసుకోడానికి ఆగితే చాలు, దగ్గరికొస్తాడు.

"పిల్లోన్ని బయట కూసోబెట్టొద్దు సారూ."

ఆ ఒక్క మాటే. నిన్నా అదే, మొన్నా అదే.

వాడు లోపలుంటే వరస చెడిపోతుందని కాశప్ప మొదట ఓపిగ్గా చెప్పినాడు. తర్వాత విసుగ్గా చెప్పినాడు. మనవడంటే అంత ముద్దుంటే ఇంట్లో పెట్టుకుని సాకమని కూడా అన్నాడు.

ముసలాయన అంతా వినేవాడు. మరుసటి రోజు మళ్లీ వచ్చేవాడు.

ఇంకో చిత్రం. కాశప్ప "సావధాన్" అని అరిస్తే, గోడ పక్కన ముసలాయన మడమలు కూడా టక్కున కలిసేవి. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు.

తనను వెక్కిరిస్తున్నాడనుకున్నాడు కాశప్ప. ఒకరోజు నేరుగా పోయి అడిగినాడు.

"ఏమప్పా, నీకు డ్రిల్లు గురించి ఏమన్నా తెలుసునా?"

"తెల్సనుకుంటి సారూ. తెలీదు."

"మరి ఊరికే ఉండు. దేవుడే వాన్ని అట్ల పుట్టించినాడు, నేనేం చేసేది?"

"దేవుడు అందరి నడుమనే పుట్టించినాడు గదా సారూ. పక్కన కూసోబెట్టింది మనమే."

కాశప్పకు ఒళ్లు మండింది. రేపటి నుంచి గేటు లోపలికి రావద్దన్నాడు.

ముసలాయన మళ్లీ రాలేదు. వాళ్లమ్మ గుల్జార్ బీయే మొయినుద్దీన్‌ను గేటు దాకా తెచ్చి, పనికి వేళయిందని పరుగున పోయేది.

పీడ వదిలిందనుకున్నాడు కాశప్ప. కానీ పొద్దున విభూతి పెట్టుకునేటప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది.

పీర్ల పండుగ అయిన మరుసటి రోజు. కాశప్ప బంతుల కోసం గదిలోకి పోయి వచ్చేసరికి, పిల్లలు చెప్పులన్నీ కుప్ప పోసి, దాన్ని పీర్ల ముందరి నిప్పుల గుండం చేసి, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు.

తిట్టడానికి పోయినవాడు ఆగిపోయినాడు.

వాళ్ల నడుమ మొయినుద్దీన్. చెవులు మూసుకోలేదు. చప్పట్లకు సరిగ్గా అడుగేస్తున్నాడు. ముందూ వెనకా లేని ఆ తిరుగుడులో చెడిపోడానికి వరసే లేదు.

కాశప్ప మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

జనవరి ఇరవయ్యారున ఎమ్మిగనూరు పిల్లలు చప్పట్ల మీద, గుండ్రంగా తిరిగి డ్రిల్లు చేసినారు. షీల్డు రాలేదు. మొయినుద్దీన్ మాత్రం చివరిదాకా ఉన్నాడు. హెడ్మాస్టరు టీసీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే కాశప్ప గుల్జార్ బీ ఇంటికి పోయినాడు. ముసలాయనకు తానే చెప్పాలని.

"మీ నాయన యాడమ్మా? పిలువు."

గుల్జార్ బీ బిత్తరపోయింది.

"మా నాయనా? ఆయన పోయి శానా యేండ్లాయ సారూ."

"మరి రోజూ పిల్లోన్ని తెచ్చినాయన?"

"ఆయప్ప మీ బడి మనిషి కాదా? మీరు పంపినారనే గదా పిల్లోన్ని ఇచ్చి పంపిస్తాంటి. మొన్న పక్క వీధిలో సావైతే పోయి చూస్తి, ఆయప్పే. ఈడ కూతురింట్లో ఉండినాడంట."

"ఎవరమ్మా ఆయన?"

ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఆదోనిలో డ్రిల్లు సారంట. షీల్డులన్నీ ఆయన బడికే వస్తాండెనంట. మావాని మాదిరే కొడుకుండెనంట సారూ, లైను చెడగొడతాడని, వాడు బతికినన్నాళ్లూ ఒక్కసారి గూడా గ్రౌండులోకి రానియ్యలేదంట."