జత కుదిరింది

"అమ్మాయ్, ఏదో మాడుతున్నట్టుందే," అంది అత్తగారు ముక్కు ఎగబీలుస్తూ.

వంటింట్లోకి లేవబోయిన కోడల్ని భర్త చెయ్యిపట్టి కూర్చోబెట్టాడు. వైన్ రుచులు నేర్పే క్లాసుకి నాలుగాదివారాలు వెళ్లొచ్చిన మహానుభావుడాయన.

"మాడటం కాదమ్మా, రెడ్ వైన్‌లో పొగ వాసన. పీపాల్లో ఏళ్ల తరబడి మగ్గితే వస్తుంది." గ్లాసు గిరగిరా తిప్పి కళ్లు మూసుకున్నాడు. "ఆహా, కాలిన కట్టె, బొగ్గు... మన మాంసం కూరకి సరైన జత. నువ్వూ కాస్త నేర్చుకో. కదలకు, ఆస్వాదించు."

'కూర పొయ్యి మీదుందండీ' అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. దాన్ని ఒక గుక్క వైన్‌తో మింగేసి, పెళ్లయ్యాక మొదటిసారి వంటవేళ కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

ఉపన్యాసం ముగిశాక కూర వడ్డించింది. మొదటి ముద్దకే ఆయన మొహం చిట్లించాడు.

"ఇదేంటి, మాడ్చి తగలేశావు?"

"మాడటం కాదండీ, పొగ వాసన," అందామె తన గ్లాసు మళ్లీ నింపుకుంటూ. "అడుగున మగ్గితే వస్తుంది."

అత్తగారు తన గ్లాసులో మంచినీళ్లు గటగటా తాగేసింది.

"జత బాగానే కుదిరిందిరా అబ్బాయ్," అంటూ ఖాళీ గ్లాసు కోడలి వైపు జరిపింది.