డ్రైవర్ వైపు గాలి

కారు కదలగానే దయాకుమారి తన ముందున్న ఏసీ రెక్కల్ని కూతురు రేచెల్ వైపు తిప్పేసింది.

"నీకు గాలొద్దా అమ్మా?"

నాన్న నడిపే సీట్లో రేచెల్ కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆయన పోయి నెలయింది. ఈ కారు కొనుక్కునే అతను అబుదాబి శివార్లలోని ముసఫాలో ఎదురుచూస్తున్నాడు.

"డ్రైవర్ వైపు గాలి రాదు కదే. మీ నాన్న కొన్న మూడు కార్లూ అంతే. తెల్లకారులో అయితే పాపం, చొక్కా తడిసి ముద్దయిపోయేది. నైట్ డ్యూటీ దిగి కారెక్కగానే నా వైపుది ఇలా తిప్పేదాన్ని. 'నువ్వు తిప్పిన గాలి చాలు దయా' అనేవారు."

"బాగుచేయించమని చెప్పలేదా?"

"చెప్పని రోజుందా? రేపు చూద్దాం అనేవారు. ఎర్రకారుకీ అదే మాట. దీనికీ అదే మాట."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. రేచెల్ తన ముందున్న రెక్కల్ని తడిమి చూసింది. పక్కనే ఉన్న చిన్న చక్రం పూర్తిగా కిందికి తిప్పి ఉంది. దాన్ని పైకి తిప్పగానే చల్లగాలి మొహాన కొట్టింది.

"అమ్మా, ఇది పాడవలేదు. నాన్నే మూసి ఉంచారు."

దయాకుమారి చెయ్యి చాచి ఆ గాలిలో పెట్టింది. కాసేపటిదాకా తీయలేదు.

"ఎర్రకారులో కూడానా?" అంది, ఎవరినో అడుగుతున్నట్టు.

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"మూసెయ్యి రేచీ," అంది తల్లి, తన వైపు రెక్కల్ని ఇంకాస్త తిప్పుతూ. "ముసఫా దాకా ఇలాగే వెళ్దాం."