పిన్ని తెచ్చిన కుక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. కుట్టుమిషను ముందు నాన్న, మంచం మీద దగ్గుతూ ఆయన పదేళ్ల కూతురు పిచ్చుక, దాని తలగడ సర్దుతూ అమ్మమ్మ. పిన్ని గుమ్మం బయట నిలబడి ఉంది కాబట్టి లెక్కలోకి రాదు.

"కుక్క ఏది?" అంది అమ్మమ్మ.

"కట్టెల అడితి వాళ్లకిచ్చేశానమ్మా. ఇక రాదు." పిన్ని చేతిలో ఖాళీ బెల్టు వేలాడుతోంది.

పిచ్చుక ఊపిరితిత్తిలో నీటిబుడ్డ ఉందని పెద్దాసుపత్రిలో తేలింది. కుక్క కడుపులోని బద్దెపురుగు గుడ్లు దాని బొచ్చుకంటి, అక్కణ్నుంచి చేతులకంటి, నోట్లోకి పోతే ఇలా అవుతుందట. సోమవారం ఆపరేషన్. పోయిన వానాకాలంలో నాన్నను చేసుకుని వచ్చినప్పుడు పిన్ని వెంట తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, ఆ కుక్క.

"కుక్క పోతే సరా?" అంది అమ్మమ్మ. " దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకునేదానివి. నీ చీరలకుంటాయి, నీ జడకుంటాయి. ఆ గుడ్లు కంటికి కూడా కనబడవట."

"దుప్పట్లన్నీ ఉడకబెట్టాను. గోళ్లు తీసేశాను. జుట్టు కూడా..." పిన్ని తలమీది కొంగు తీసింది. జుట్టు మెడ దాకా ఎగుడుదిగుడుగా తెగి ఉంది. నాన్న గుడ్డలు కోసే కత్తెరతోనే కత్తిరించుకున్నట్టుంది.

మిషను ఆగింది. నాన్న తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

పిచ్చుకకు నవ్వొచ్చింది. "పిన్నీ, ఎలుకలు కొరికినట్టుంది!" ఆ నవ్వే దగ్గైపోయింది. ఊపిరాడక పిల్ల మంచం పట్టె పట్టుకుంది. పిన్ని ఒక్క అంగలో లోపలికి రాబోయింది.

"అక్కడే ఆగు!"

"వీపు రాస్తానమ్మా. నేను రాస్తే సర్దుకుంటుంది."

"ఇన్నాళ్లూ రాసే ఇంతదాకా తెచ్చావు."

పిన్ని నాన్నవైపు తిరిగింది. "మీరైనా చెప్పండి."

నాన్న సూదిలో దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. "అత్తయ్యా, ఈ ఇంట్లో ఇదివరకు కుక్క లేదా ఏంటి? పిచ్చుక వాళ్లమ్మ పెంచలేదూ..."

"పోయినదాన్ని ఎందుకయ్యా లాగుతావ్?" అంది అమ్మమ్మ. "నా కూతురు నాకు మిగిల్చింది దీన్నొక్కదాన్నే. ఆవిడ ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిందా, పిల్లను నేను తీసుకుపోతా. నీ ఇష్టం, తేల్చుకో."

నాన్న తేల్చుకోలేదు. దారం కొస నోట్లో పెట్టి తడిపాడు.

పిన్ని మెట్టు మీద కూలబడింది. "పోనీ, ఈ అరుగు మీదే పడుంటాను. ఆపరేషన్ రోజు, మత్తు దిగాక, పిల్ల నాకోసం అడిగితే ఒక్కసారి రానివ్వండి. దూరం నుంచే చూస్తాను. ముట్టుకోను."

"అడగదులే."

"అడుగుతా," అంది పిచ్చుక మంచం మీంచి.

అమ్మమ్మ లేచింది. గుమ్మం దాకా వచ్చి, కత్తిరించిన ఆ తల వైపు చూడలేక మొహం పక్కకు తిప్పుకుంది.

"వెళ్లమ్మా. నీకు దణ్ణం పెడతాను, వెళ్లిపో."

తలుపు మూసి గడియ పెట్టింది.

ఊపిరితిత్తిలోని ఆ బుడ్డ అయిదేళ్ల నాటిదని డాక్టరు అమ్మమ్మకు నిన్ననే చెప్పాడు.