మోగే చేతులు

"ఇంకోసారి కడుక్కుని రా," అంది మాయిటే.

"మూడుసార్లయింది. తోలు ఊడొస్తుంది," అన్నాడు గోర్డన్.

"ఊడితే ఊడనీ. ఇవాళ గనక మోగిందో, నిన్నిక్కడే వదిలేసి పోతాను!"

నెవాడాలోని ఆ చిన్న విమానాశ్రయంలో గోర్డన్ చేతుల సంగతి తెలియనివాళ్ళు లేరు. బంగారు గనిలో రాళ్ళు పేల్చే పని. పదకొండేళ్ళుగా పేలుడు మందు ఒంటికి పట్టేసింది. నిమ్మకాయ రుద్దినా, పెట్రోలుతో కడిగినా, తనిఖీ యంత్రం దగ్గరికొచ్చేసరికి కుయ్యోమనేది. ఇక బూట్లు విప్పు, సంచీ తియ్యి, గంటసేపు సోదా. కిందటేడు అలాగే విమానం తప్పిపోయి మేనకోడలి పెళ్ళికి వెళ్ళలేకపోయారు. అందుకే ఇవాళ గోర్డన్ భార్య మాయిటేను రెండు గంటల ముందే లాక్కొచ్చాడు.

రేపు పొద్దున్నే సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో ఆమె గుండెకు ఆపరేషన్. ఇంకో వారం ఆగితే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. ఇల్లమ్ముకుని బతకడం నాకొద్దని మొండికేసిన మనిషి, గని వాళ్ళ ఇన్సూరెన్సు ఉంది కదా అని అతను నచ్చజెప్పాకే కదిలింది.

తనిఖీ బల్ల దగ్గర కర్టిస్ ఉన్నాడు. గోర్డన్‌తో కలిసి చదువుకున్నవాడు.

"ఏరా, నిన్న కూడా పేల్చావా?"

"పేల్చాను. పెద్దదే. ఒరేయ్, ఇవాళ్టికి నన్ను వదిలెయ్యరాదూ? దానికి ఒంట్లో బాగాలేదు."

"పైన కెమెరాలున్నాయిరా బాబూ. చేతులు చాపు."

కర్టిస్ చిన్న గుడ్డముక్కతో అరచేతులు తుడిచి యంత్రంలో పెట్టాడు. గోర్డన్ యంత్రం వైపే చూశాడు. దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు అనుకున్నాడు.

యంత్రం పచ్చదీపం వెలిగించి ఊరుకుంది.

"అమ్మ బాబోయ్! పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి!" కర్టిస్ బల్ల చరిచాడు. "చెల్లెమ్మా, మీవాడు పాసయ్యాడు! కాఫీ తాగడానిక్కూడా బోలెడు టైముంది, వెళ్ళండి."

మాయిటే పకపకా నవ్వింది. రెండడుగులు వేసి ఆగింది. నవ్వు ఎటో పోయింది. వెనక్కి వచ్చి, భర్త చేతులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. తర్వాత అతని ముఖంలోకి చూసింది.

ఉద్యోగం, దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయి తొమ్మిది రోజులైన సంగతి ఆపరేషన్ అయ్యేదాకా ఆమెకు తెలియకూడదనే, యంత్రం ఎప్పటిలాగే మోగాలని గోర్డన్ ఆ దేవుణ్ణి వేడుకున్నాడు.