మొదట్నుంచీ ఉన్న జాలీ

నెల్లూరు నుంచి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలియగానే పద్మనాభయ్య రైసుమిల్లులో బెల్టు చుట్టూ ఇనుప జాలీ లేచింది.

అది నాయుడుపేటలో ఆయన బావమరిది మిల్లుది. లారీలో తెప్పించారు. బోల్టులు బిగించి, నిన్న మొన్న పెట్టినట్టు కనపడకుండా పైన తవుడు చల్లారు. బెల్టును అప్పటికే కడిగేశారు.

ముందురోజు ఆ బెల్టే కూలిపిల్ల సువార్తను లాక్కుంది. కిందపడిన తవుడు ఊడవడానికి వంగితే ఓణీ కొంగు దాంట్లో పడింది. ఇంజను ఆపేలోపే అంతా అయిపోయింది. ఆ పిల్ల ఓణీ వేసి ఏడాది కూడా కాలేదు.

మిల్లులో ఆడకూలీలకు పెద్ద రెబెక్కమ్మ. ఆమె మాటే వాళ్ల మాట. పోయిన కోతలప్పుడే ఆమె యజమానిని అడిగింది.

"అయ్యా, ఆ బెల్టుకు అడ్డం ఏదన్నా కట్టించండి. కోకలు లాగతా ఉండాది."

"అడ్డం పెడితే ఊడ్చేదెట్టా? కళ్లు పెట్టుకోని పన్జేసుకోండి," అన్నాడు పద్మనాభయ్య.

ఇప్పుడు ఆయనే ఆమెను ఊకగుట్ట వెనక్కి పిలిచాడు. ఆడవాళ్లంతా సమాధుల దొడ్డి నుంచి నేరుగా మిల్లుకే వచ్చారు. రెబెక్కమ్మ కాళ్లకు అంటిన మట్టి ఇంకా ఆరలేదు.

"రెబెక్కా, జరిగిందేదో జరిగింది. పోయిన పిల్ల తిరిగి రాదు. జాలీ లేదని తెలిస్తే మిల్లుకు సీలేస్తారు. ఈ ఆడోళ్లంతా ఏం తిని బతకాల? జాలీ మొదట్నుంచీ ఉండాదని, ఆ పిల్లే ఊడదీసిందని చెప్పు. నువ్వు చెప్తే ఇంకెవరూ నోరెత్తరు."

ఆమె మిల్లు తలుపులోంచి కనపడుతున్న జాలీ వంక చూసింది.

"ఆ జాలీ ఈడనే ఉంటాదా అయ్యా?"

"ఎట్టా ఉంటాది? సాయంత్రం తిరిగి పంపాల. ఆడ వాళ్ల మిల్లు ఆగిపోయుండాది."

 "చెప్తాలే," అంది రెబెక్కమ్మ.

ఇన్‌స్పెక్టరు బక్కపలచటి మనిషి. వస్తూనే బెల్టు దగ్గరికి వెళ్లాడు. జాలీని పట్టుకుని ఊపి చూశాడు.

"ఆ పిల్ల వయసెంత?"

"పద్దెనిమిది సార్," అన్నాడు పద్మనాభయ్య, అడగడమే ఆలస్యంగా.

ఇన్‌స్పెక్టరు ఆడవాళ్ల వైపు తిరిగాడు. "మీలో ఎవరైనా చెప్పండమ్మా. ప్రమాదం జరిగినప్పుడు ఇది ఇక్కడ ఉందా?"

"ఉండిందయ్యా," అంది రెబెక్కమ్మ. "మొదట్నుంచీ ఉండాది. తవుడు తియ్యాలని ఆ పిల్లే ఊడదీసింది. వద్దంటే ఇన్లేదు. పెంకిది."

ఆయన రాసుకోసాగాడు. వెనక నిలబడిన సమాధానం అనే కూలీ రెబెక్కమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోయినదాని మీద నింద ఎయ్యడానికి నీకు నోరెట్టా వచ్చిందక్కా?" అంది గొంతు తగ్గించి.

"అరవబాక. రేపు ఆడ ఊడవాల్సింది నీ కూతురే."

సమాధానం చెయ్యి వదిలేసింది. రెబెక్కమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"అయ్యా, తమరు మళ్లా వస్తారా?"

"వస్తాను. ఏం?"

"చెప్పకుండా రండయ్యా. వచ్చినప్పుడల్లా ఈ జాలీ చూడండి. మొదట్నుంచీ ఉండేదే గదా, ఇకమీదట గూడా ఉండాల్సిందే గదా. కనపడకపోతే యాడికి పొయ్యిందో మా అయ్యనడగండి."

ఇన్‌స్పెక్టరు తలూపాడు. "అలాగేనమ్మా. ఇది ఒక్కరోజు లేకపోయినా మిల్లు మూయించేస్తాను. విన్నారా పద్మనాభయ్యగారూ?"

పద్మనాభయ్య నవ్వబోయాడు. పెదవులు కదల్లేదు. తలాడించి, బావమరిది జాలీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

సమాధానం పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడామె కళ్లలో కోపం లేదు.

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"పొరపాటు ఆ పిల్లదేనని మీరందరూ అంటున్నారు, సరే. అయినా వాళ్ల తరఫు వాళ్లనూ ఒకమాట అడగడం నా ధర్మం. తల్లిగానీ తండ్రిగానీ ఎవరైనా ఉన్నారా?"

 ఆడవాళ్లంతా తలలు వంచుకున్నారు.

"నన్నే అడగండయ్యా," అంది రెబెక్కమ్మ, "దాన్ని కన్నది నేనే."