వారంటీ పోకుండా

"ఈ వారం ఏం చెడింది?" అంది కృష్ణవేణి, గరాజ్‌లోకి తొంగి చూస్తూ.

"చెడలేదు. చైన్ వదులైంది," అన్నాడు శేషగిరి. బైక్ పక్కన నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కూతురు కృతి టార్చ్ పట్టుకుని నిలబడింది.

"పోయిన శనివారమేగా బిగించారు?"

"పోయిన శనివారం బ్రేక్ లీవర్. చైన్ అంతకుముందు వారం. మిషిగన్ రోడ్ల గుంతలకి ఏ నట్టు నిలుస్తుంది చెప్పు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి బాధ లేదు సరికదా, కాస్త హుషారు కూడా ఉంది. కృష్ణవేణికి భయం పట్టుకున్నది అక్కడే.

బైక్ కృతిది. యూనివర్సిటీకి వెళ్లిరావడానికి కార్ ఉండగా, వేసవిలో పట్టుబట్టి కొత్తది కొనుక్కుంది. వాళ్లుండే నోవై ఊళ్లో మంచు పడని నెలలే తక్కువ, ఈమాత్రం దానికి బైకెందుకని తల్లి మొత్తుకుంది. ఎవరు వింటారు?

అప్పటికే శేషగిరి ఉద్యోగం పోయింది. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు ఆయన. తేడా ఉన్న బోల్టుని చేత్తో పట్టుకోగానే చెప్పేస్తాడని పేరు. కంపెనీ ఆయన డిపార్ట్‌మెంట్‌నే ఎత్తేసింది. ఆ రోజునుంచి మనిషి సోఫాకి అతుక్కుపోయాడు. గుడికి రాడు, తెలుగువాళ్ల పాట్‌లక్ భోజనాలకి రాడు. "ఇప్పుడెక్కడ చేస్తున్నారండీ?" అని ఎవరైనా అడుగుతారేమోనని. ఏం మాట్లాడించినా "ఊఁ" అంటాడు. ఒకరోజు కృష్ణవేణి ఎదురుగా కూర్చుని ఏడ్చింది. దానికీ "ఊఁ" అన్నాడు.

బైక్‌కి మొదటి సర్వీస్ టైమ్ రాగానే కృతి మాన్యువల్ తెచ్చి తండ్రి ఒళ్లో పడేసింది.

"నువ్వే చెయ్యి నాన్నా."

"షోరూమ్ వాళ్లకి ఇవ్వవే. ఇంట్లో కెలికితే వారంటీ పోతుంది," అంది కృష్ణవేణి.

"పోదమ్మా, దానికో చట్టం ఉంది. మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్, ఫిల్టర్ వేసి, రసీదులూ ఫొటోలూ సేవ్ చేసుకుంటే చాలు. మనమే చేశామని క్లెయిమ్ డినై చెయ్యలేరు."

శేషగిరి మాన్యువల్ తిరగేశాడు. చాలాసేపటికి, "రెంచ్‌లు ఎక్కడ పెట్టావు వేణీ?" అన్నాడు. నెలల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది.

ఆ రోజు ఆయిల్ మార్చాడు. మైళ్ల మీటర్‌ని ఫొటో తీశాడు. అంతటితో అయిపోవాలి. కానీ ఆ తర్వాత ప్రతి శనివారం ఏదో ఒకటి. ఒకసారి టైర్లో గాలి తగ్గుతుంది, ఒకసారి బ్యాటరీ వైరు ఊడుతుంది. శేషగిరి పొద్దున్నే గడ్డం గీసుకుని గరాజ్‌లోకి వెళ్తాడు. తండ్రీకూతుళ్ల మాటలు వంటింట్లోకి వినిపిస్తాయి. ఆ రాత్రి మారు అన్నం అడిగి మరీ పెట్టించుకుంటాడు. ఆదివారం మళ్లీ సోఫా, మళ్లీ "ఊఁ".

కృష్ణవేణి మనసుకి ఇవేవీ ఎక్కలేదు. ఆయన బిగించినవి బిగించినట్టే ఊడిపోతున్నాయి. ఆయన మనసు మనసులో లేదు. పిల్ల వారమంతా ఆ వదులు నట్లమీదే తిరుగుతోంది. తలుచుకుంటేనే ఆమెకి గుండెల్లో రాయి పడుతోంది.

గురువారం కృతి, "సండే ఫ్రెండ్స్‌తో ఫ్రీవే మీద ఆన్ ఆర్బర్ దాకా రైడ్‌కి వెళ్తా," అంది. ఇక కృష్ణవేణి ఊరుకోలేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం, కృతి ఇంట్లో లేనప్పుడు, సోఫా ముందుకొచ్చి నిలబడింది.

"రేపటినుంచి మీరా బైక్ ముట్టుకోకండి. షోరూమ్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను."

"ఎందుకు? వారంటీకి ఏం కాదు. అన్నిటికీ ఫొటోలున్నాయి."

"వారంటీ పోతే పోయింది. పిల్ల ఫ్రీవే ఎక్కుతానంటోంది. మీరు బిగించింది ఒక్కటీ వారం నిలవడం లేదండీ. జరగరానిది జరిగితే?"

శేషగిరి తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"నా పనిలోనే తేడా ఉందంటావా?" అన్నాడు మెల్లగా.

ఆయన లేచి గరాజ్‌లోకి వెళ్లి, రెంచ్‌లన్నీ తుడిచి పెట్టెలో సర్దేసి వచ్చాడు. మళ్లీ సోఫాలో కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. పిలిస్తే ఈసారి "ఊఁ" అని కూడా అనలేదు.

మరీ కటువుగా మాట్లాడానా అనుకుంది కృష్ణవేణి. కానీ పిల్ల ప్రాణం కంటే ఏది ఎక్కువ? షోరూమ్ వాళ్లు చూసేదాకా కృతి బైక్ తీయకుండా, గరాజ్‌లో తగిలించి ఉండే తాళంచెవి దాచేద్దామనుకుంది.

సాయంత్రం చీకటి పడకముందే వంటింట్లోంచి గరాజ్ వైపు నడిచింది. లోపల లైట్ వెలుగుతోంది, ఇనుము చప్పుడవుతోంది. అంత చెప్పినా మళ్లీ వచ్చి కూర్చున్నారా అని ఆమెకి ఒళ్లు మండింది. గట్టిగా నాలుగు మాటలు అనడానికే తలుపు తోసింది.

లోపల కృతి ఒక్కతే బైక్ పక్కన గొంతుక్కూర్చుని, రేపటి శనివారం కోసం, వాళ్ల నాన్న బిగించిన నట్టుని రెంచ్‌తో జాగ్రత్తగా వదులు చేస్తోంది.